కోల్‌టిట్ పిట్ట రెండో చెంప

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పక్షుల మీద పరిశోధన చేస్తున్న మా చాందిని, పెరట్లో చచ్చిపడిన కోల్‌టిట్ పిట్టను డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచింది. చెంపలు తెల్లగా ఉంటే బ్రిటన్ ఉపజాతి, లేత నిమ్మరంగైతే ఐర్లండ్‌ది. ఐర్లండ్‌దైతేనే థీసిస్‌లో చోటు.

దాని ప్రొఫెసర్ మా వంటింట్లోనే లేత నిమ్మరంగు చెంప చూసి, చీటీ మీద శాస్త్రీయనామం రాయబోయారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పొద్దున చికెన్‌కి పసుపు పట్టిస్తూ ఆ డబ్బా జరిపితే, మూత ఊడి పిట్ట నా చేతిలో పడింది.

"చాందినీ, ఆయన్ని ఆగమను. అది నా చేతి పసుపు."

"మమ్మీ, ఆర్ యూ సీరియస్?"

"ఎడమ చెంపకే అంటింది. రెండోది చూడమను."

ఆయన పిట్టను తిప్పారు. ఎవరూ ఊపిరి తీసుకోలేదు, పిట్టతో సహా. కుడి చెంప కూడా లేత నిమ్మరంగే.

ఆయన ఐర్లండ్ ఉపజాతి పేరు 'హిబర్నికస్' అని రాసి, కింద "ఎడమ చెంపపై వంటింటి పసుపు" అని చేర్చారు. ఎవరి వంటిల్లో రాయలేదు. నేనే వద్దన్నాను.