ఒకే నంబరున్న ముప్పై ఒక్కమంది

ఆయతి భర్త రెండేళ్లుగా విచారణ ఖైదీ. నేరం జరిగిందన్న రోజున అతడు తనతోపాటు దోర్నపాల్ సంతలో ఉన్నాడని చెప్పగలవాడు గొల్లపల్లి ఊరివాడైన లక్మా ఒక్కడే. నెలాఖరున ఉండవలసిన పేషీ ఈ గురువారానికే మారిందని సోమవారం ఉదయం తెలిసింది. ఈసారి కూడా సాక్షి రాకపోతే సాక్ష్యం ముగిస్తామని న్యాయమూర్తి ఇదివరకే హెచ్చరించి ఉన్నారు.

జగదల్‌పూర్‌లో నేను నడిపే న్యాయసహాయ కేంద్రంలో ఈమెయిల్ వ్యవహారమంతా కోంటా నుంచి వచ్చిన కృష్ణకుమారి చూస్తుంది. గొల్లపల్లి సాక్షుల వివరాలున్న ఉమ్మడి ఫోల్డర్ కనిపించడం లేదని ఆమె ఆ ఉదయమే చెప్పింది. ఆయతి ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంది.

ఎవరు తీసేశారని అడిగాను. తాను కాదంది. నోరులేని వారి పని మీద నిర్లక్ష్యం కూడా నేరమేనని చెప్పి, లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నాను.

"రాసిస్తా మేడమ్. ముందు అది దొరకనీయండి," అంది.

ఉమ్మడి ఫోల్డర్‌ను ఎవరు తొలగిస్తే వారి చెత్తబుట్టలోనే అది పడి ఉంటుందని వివరించింది. తన ఖాతా తెరిచి చూపింది, లేదు. మా న్యాయవాది అనుపమ తనది చూసుకుని లేదని ఫోన్‌లో చెప్పింది. మిగిలింది నా ఖాతా. అనవసరమన్నాను. ఆమె మౌస్ మీద చెయ్యి ఉంచి, నా అనుమతి కోసం నిలబడింది. సరేనన్నాను. నా చెత్తబుట్టలో నాలుగో వరుసలో గొల్లపల్లి ఫోల్డర్ ఉంది.

అప్పుడు గుర్తుకు వచ్చింది. కిందటి వారం ఆ ఫోల్డర్ తెరిచాను. ముప్పై ఒక్క పేర్లకూ ఒకే ఫోన్ నంబరు. పని చేసినట్టు చూపించడానికి నింపిన దొంగ జాబితా అనుకున్నాను. నాకు కనిపించేది నా ప్రతి మాత్రమేనని భావించి తీసేశాను. ఆ పల్లెల్లో సిగ్నల్ అందదు. ఊరందరి కబుర్లూ దోర్నపాల్‌లో దుకాణం నడిపే చెన్నకేశవులు ఫోన్‌కే వస్తాయి. ఈ సంగతి మా కార్యాలయంలో తెలియనిది నాకొక్కదానికే. నేను అడగలేదు.

కృష్ణకుమారి ఫోల్డర్‌ను దాని చోటికి చేర్చి, ఆ నంబరుకు ఫోన్ చేసింది. మాట అందరికీ వినిపించేలా పెట్టింది.

"ఏ లక్మా అమ్మా? పొద్దటి నుంచి ఇద్దరు లక్మాలు ఉప్పు కొనుక్కపోయిన్రు," అన్నాడు చెన్నకేశవులు. "ఇంటిపేరు చెప్పకు, ఆడ సగం ఊరిదీ ఒకటే. ఎవరి తమ్ముడో చెప్పు."

జాబితాలో ముగ్గురు లక్మాలున్నారు. ఒక్కొక్కరి పేరు కింద ఆమె ఒక్కో ముక్క రాసి పెట్టుకుంది.

"మంగి తమ్ముడు, బాబాయ్. సైకిళ్లు బాగుచేస్తడు."

"అట్ల చెప్పు. మంగి నా దుకాణం ముందే కూసుంది, చింతపండు అమ్ముతాంది. ఇస్తున్న, మాట్లాడు."

ఆయతి లేచి వచ్చి ఫోన్ అందుకుంది. తమ దోర్లీ భాషలో చాలాసేపు మాట్లాడింది. తమ్ముణ్ని బుధవారం బస్సు ఎక్కిస్తానని మంగి చెప్పిందట.

గురువారం లక్మా బోనెక్కి, చూసింది చెప్పాడు. ఎదురు ప్రశ్నలకు తడబడలేదు. తీర్పు ఇంకా రాలేదు.

కృష్ణకుమారిని అడిగిన సంజాయిషీని మరునాడు నేనే రాశాను. తప్పు నోటితో కాక కాగితం మీద ఒప్పుకోవాలని కాన్వెంటులో మాకు నేర్పారు. కేంద్రంలో నాకు పైఅధికారి ఎవరూ లేరు కనుక దానిని ఆయతికి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. కృష్ణకుమారి ఒక్కొక్క వాక్యం దోర్లీలో చెబుతుంటే తల వంచుకుని వింది. అంతా అయ్యాక ఏదో అడిగింది.

"ఈ కాగితం వాళ్లాయన కేసుకు పనికొస్తదా అంటోంది, మేడమ్."

రాదని చెప్పమన్నాను.