నిండు బిందెల ధర్నా

ఖాళీ బిందెల ధర్నా మా ఊళ్లో కొత్త కాదు. కుళాయి రాకపోతే బిందెలు రోడ్డు మీద పెట్టి కూర్చుంటారు. కానీ ఆ మంగళవారం పొద్దున్న ద్వారకా నగర్‌లో మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్న నలభై మంది ఆడోళ్ల బిందెలు మాత్రం అంచుల దాకా నిండున్నాయి. ఇదేటి విడ్డూరం అని కిటికీలోంచి తొంగి చూశాను. ముందు వరసలో మా మామ్మ కనిపించింది. కిటికీ మూసేశాను.

మాది షిప్పింగ్ ఏజెన్సీ. ఓడలకి నీళ్లు, కూరగాయలు, కాయితాలు మేమే చూస్తాం. నాను చూసేది సాఫ్ట్‌వేర్. ఓడ పేరు కొడితే, సరుకివ్వొచ్చంటే పచ్చగా, ఇవ్వకూడదంటే ఎర్రగా చూపిస్తది. పది రోజుల కిందట, రేవు బయట సముద్రంలో లంగరేసున్న ఒక ఓడ ఎర్రగా మారింది. ఎక్కడో యుద్ధం, దాని మీద ఎవరో పెట్టిన ఆంక్షలు, ఆ జాబితాలో ఈ ఓడ యజమాని. మా మేనేజర్ దేవీప్రసాద్ గారు నీళ్ల పడవ ఆపేశారు. మా ఉత్తరం లేకుండా ఇంకో పడవ సరుకు తీసుకెళ్లడానికి లేదు. ఓడలో పదిహేడు మంది. ఇంక రెండ్రోజులకే నీళ్లున్నాయని శనివారం కెప్టెన్ మెయిల్ పెట్టాడు. "అందినది" అని జవాబిచ్చాను.

ముందు రోజు మా అప్పలరాజు చిన్నాన్న వేట నుంచి వస్తంటే, ఆ ఓడ మీద వాళ్లు ఖాళీ క్యాన్లు తిరగేసి చూపించారంట. అన్నం తింటా చెప్పాడు. ఆ నీళ్లాపింది మా ఆఫీసేనని నాను నోరు జారాను. మామ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

కిందికి దిగాను.

"మామ్మా, ఏటిది? నా ఉద్యోగం ఉండాలా ఒద్దా?"

"నీకోసం రానేదే గుంటా. నీల్లాపినోడిని పిలు."

"ఆపింది ఆయన కాదే. ఆ యుద్ధం చేస్తన్న దేశాలు..."

"ఆళ్లు ఈ మేడ మీదుంతారా?"

"ఉండరు."

"మరైతే ఉన్నోడినే పిలు."

ఇంతలో ఎస్సై కృష్ణంరాజు గారు జీపు దిగారు. బిందెలు చూశారు, వాటి లోపలికి చూడలేదు. "ఏ వీధమ్మా మీది? ఎన్నాళ్లయింది నీళ్లు రాక?" అంటూనే ఎవరికో ఫోన్ కొట్టారు. అరగంటలో ట్యాంకర్ వచ్చేసింది. అప్పుడు వంగి చూసి, "ఇవి నిండున్నాయేటి?" అన్నారు.

"కాలీవని ఎవులు సెప్పేరు బాబూ?" అంది మామ్మ.

పక్క కోచింగ్ సెంటర్ పిల్లలు ఫోన్లు పైకెత్తి ఒకటే నవ్వు. దేవీప్రసాద్ గారు కిందికి రాక తప్పలేదు.

"అమ్మా, ఆ ఓడకి నీళ్లమ్మితే మా బ్యాంకు ఖాతా ఆపేస్తారు."

"అమ్మడానికి ఎవులొచ్చేరు? సముద్రం మీద దాహమన్నోడికి నీల్లమ్మినోడు మా పేటలో ఇంకా పుట్టనేదు."

ఆయన నా వైపు తిరిగారు. "ఊరికే ఇస్తే సిస్టమ్ ఒప్పుకుంటుందా?"

ఒప్పుకుంటుంది. అన్నిటికన్నా అడుగున "మానవతా సాయం" అని ఒక బటన్ ఉంది. నొక్కితే బాధ్యుల పేరు, ఫోన్ నంబరు అడుగుద్ది. అందుకే ఎవరూ నొక్కరు. నానూ నొక్కలేదు.

"ఎవరి పేరు రాయమంటారు సార్?"

సార్ బూట్ల వైపు చూసుకున్నారు.

"నాది రాయి. మైలపల్లి నూకాలు," అంది మామ్మ. వెనక నుంచి "నాది రాయి", "నాదే" అని నలభై గొంతులు.

"ఒక్క పేరే పడుద్ది!" అని అరిచాను.

"పెద్దదాన్ని, నాదే," అంది మామ్మ.

"పెద్దదానివే, ఫోనేదే నీకు?" పోతమ్మత్త ఎక్కిరించింది.

మామ్మకి ఫోన్ లేదు. తగువు తేలేలా లేదు. అటు ట్యాంకర్ డ్రైవర్ ఎళ్లిపోతానంటన్నాడు. పైకెళ్లి నా పేరు కొట్టాను, నంబరు కొట్టాను, ఒక అంకె రెండుసార్లు దిద్దాను, ఉత్తరం ప్రింటు తీసి కిందికి తెచ్చాను. సార్ ఆ ఉత్తరం నా వీపు మీద ఆనించి సంతకం పెట్టారు.

ట్యాంకర్ని ఫిషింగ్ హార్బర్‌కి తోలించాం. అక్కడ చిన్నాన్న బోటు నిండా డ్రమ్ములు సర్దాడు. ఆడోళ్లు ముందు తమ బిందెలు ఒంపారు. డ్రైవర్ ఉమామహేష్ స్లిప్పు నా ముందు పెట్టాడు.

"మేడమ్, ఏ వార్డుకి పోశామో రాయాలి."

"సముద్రం" అని రాశాను.

"అది మా జోన్‌లోకి రాదు మేడమ్," అంటూనే పైపు విప్పి బోటులోకి దింపాడు.