బిగించని పేజీ

తెర మీద శీర్షికను రెండు గళ్ళు కిందికి దింపి, కుర్చీలో వెనక్కి వాలి, ఒక కన్ను మూసి చూశాడు మార్జిన్ మాస్టారు. మనసుకు పట్టలేదు. ఒక గడి మళ్ళీ పైకి జరిపాడు. ఆ, ఇప్పుడు కుదిరింది.

ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. లిఫ్టులు బిగించి, మరమ్మతులు చేసే కంపెనీ అది. తాడు ఎప్పుడు మార్చాలో, తలుపు ఎలా ఊడదియ్యాలో, మనిషి లోపల ఇరుక్కుంటే ముందుగా ఏం చెయ్యాలో చెప్పే కాగితాలన్నీ పై అంతస్తులో ఆయన బల్ల మీదే తయారవుతాయి. పొట్టి మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెడతాడు. బల్ల మీద పెన్ను సైతం అంచుకు సమానంగా ఉండాలి. రాత్రి దుప్పటి వంకరగా ఉంటే లేచి సర్ది మళ్ళీ పడుకునే రకం. "మీతో కాపురం గీతల పుస్తకంలో రాసుకున్నట్టుంది" అని ఆయన భార్య నవ్వుతూనే అంటుంది గానీ, ఆ నవ్వులో సగం విసుగే.

ఆయన తండ్రి ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఆ చెయ్యే తనకూ వచ్చిందని మాస్టారికి గర్వం. ఆ గర్వం తప్ప చెప్పుకోవడానికి ఆయనకింకేం ఉంది గనక?

కొత్త మేనేజరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"మాస్టారూ, మధ్యాహ్నం ఆసుపత్రివాళ్ళు వస్తున్నారు. వాళ్ళ లిఫ్టు సూచనల పుస్తకం పీడీఎఫ్ చేసి పంపుతారా? చూడ్డానికి నీటుగా ఉంటుంది."

"అది గాజుబీరువాలో మిఠాయండీ. చూడ్డమే గానీ చెయ్యి పెట్టలేం. రేపు ఒక్క ముక్క మార్చాలంటే? వర్డ్‌లోనే పంపుతాను. ఇన్నేళ్ళుగా నా పేజీకి ఎవరూ వంక పెట్టలేదు."

మేనేజరు కొత్తవాడు గనక ఊరుకున్నాడు.

టీ వేళకు అందరూ కిందికి దిగారు. కింద కౌంటరులో పనిచేసే ఆమెకు అది ఆఖరి రోజు. మాస్టారు పంపిన ఫైళ్ళను ప్రింటు తీసి మెకానిక్కులకు ఇవ్వడం ఆమె పని. పొద్దున పంపితే కాగితం మర్నాడు సాయంత్రానికి గానీ బయటికి రాదు. అందుకే ఆమెకు 'నత్తమ్మ' అని పేరు పెట్టింది మాస్టారే. "ఒక్క బటను నొక్కడానికి ఒక పగలు కావాలా?" అని నలుగురిలో అడిగేవాడు. తెర మీద చెక్కస్కేలు ఆనించి కూర్చున్న ఆమెను ఎన్నోసార్లు చూసి, పొద్దు గడవక ఆడుకుంటోంది కాబోలు అనుకున్నాడు. చివరికి మేనేజరుకు ఫిర్యాదు రాసిచ్చాడు. పని నెమ్మది అన్న కారణం మీదే ఆమెను పంపించేస్తున్నారు.

"ఇప్పుడే బయల్దేరండమ్మా. మీ నడకకి గేటు చేరేసరికి సాయంత్రమవుతుంది," అన్నాడు మాస్టారు టీ గ్లాసు ఎత్తి. అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా గ్లాసు చాటున నవ్వింది.

మధ్యాహ్నం ఆసుపత్రివాళ్ళు వచ్చారు. మీటింగు గదిలో పెద్ద తెర మీద మేనేజరు పుస్తకం తెరిచాడు. మాస్టారు మెచ్చుకోలు కోసం గుండీ సర్దుకున్నాడు.

లిఫ్టు బొమ్మ వచ్చి రెండో సూచన నెత్తిన కూర్చుంది. పట్టిక నడుం విరిగి సగం కింది పేజీలో పడింది. పొద్దుటినుంచి ఆయన గడి గడికీ జరిపిన శీర్షిక అసలే లేదు. దాని చోట ఖాళీ డబ్బాలు వరుసకట్టి ఉన్నాయి.

"ఇది చదివి బయటికి తీసేలోపు లోపలున్నవాడికి తల నెరుస్తుంది," అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన. నవ్వులు.

"ఈ కంప్యూటర్‌లో ఏదో తేడా ఉంది," అన్నాడు మాస్టారు.

గోడకు ఆనుకుని నిలబడ్డ ఫోర్‌మన్ పాపం మంచికే ఆయన దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. "అన్నిట్లోనూ ఇంతే మాస్టారూ. మీ దగ్గరున్న అక్షరాల ఫాంట్లు మా కంప్యూటర్లలో ఉండవంట. కింద అక్క కూర్చుని ఒక్కో పేజీ మళ్ళీ సర్దేది. అందుకే గదా మర్నాటికి వచ్చేవి. మీకు తెలీదా?"

మాస్టారికి చెవులు కాలిపోయాయి. అటు పీడీఎఫ్ చేసి సాయంత్రంలోగా పంపుతామని మేనేజరు వాళ్ళను సముదాయిస్తున్నాడు. ఆ మాటలు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టున్నాయి.

మాస్టారు పైకి వెళ్ళి ఆ పని చేశాడు. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. పక్క బల్లవాడి కంప్యూటర్‌లో తెరిచి చూశాడు. పేజీ పెట్టినచోట పెట్టినట్టే ఉంది. అప్పుడు గుర్తొచ్చాడు తండ్రి. పేర్చిన అక్షరాల్ని ఇనుప చట్రంలో బిగించి, తట్టి చూసి, అప్పుడు గానీ ఎత్తేవాడు కాదు. "బిగించకుండా ఎత్తితే నేలపాలేరా" అనేవాడు. ఇన్నేళ్ళూ తను బిగించకుండానే ఎత్తాడు. నేల మీద పడ్డవి ఏరింది ఇంకొకరు. సిగ్గుతో ఆయనకు కూర్చోబుద్ధి కాలేదు.

కింద ఆమె సంచీ సర్దుకుంటోంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పేజీలు చెదిరి వస్తున్నాయని చెప్పానండీ, చేరిన కొత్తలో. 'మీ కంప్యూటర్‌కి కళ్ళజోడు పెట్టించండి' అన్నారు మీరు. అందరూ నవ్వారు. మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు."

"పీడీఎఫ్ చేసి పంపమని అడిగినా..."

"ఆ సంగతి నాకేం తెలుసండీ? తెలిస్తే ఇంత చాకిరీ చేసేదాన్నా?" ఆమె నిజంగానే నవ్వింది. "అప్పట్లో మీరు తీసిచ్చిన ప్రింటు ఒకటి ఉండేది. దాన్ని ముందు పెట్టుకుని సర్దేదాన్ని. ఎంత బాగుండేదో మాస్టారూ, మీ పేజీ."

తిట్టినా బాగుండేది. "ఉండండి, వెళ్ళకండి. మేనేజరుతో మాట్లాడి వస్తాను," అని మెట్లు రెండేసి ఎక్కాడు.

మేనేజరు తలెత్తాడు. "రండి మాస్టారూ. మీరు రాసిచ్చింది మంచిదైంది. ఆమె నెమ్మదే. ఇంతకీ ఏంటి?"

తప్పు నాది. రెండే మాటలు. ఆ రెండూ అంటే మీటింగు గదిలో నవ్వు మళ్ళీ వినాలి, మార్జిన్ మాస్టారన్న పేరు ఆ పూటతో సరి.

"ఏం లేదండీ. ఇకనుంచి అన్నీ పీడీఎఫ్‌లోనే పంపుతాను."

"శభాష్," అన్నాడు మేనేజరు.

ఛీ, ఏం బతుకు! అనుకుంటూ మెట్లు దిగాడు, ఈసారి ఒక్కొక్కటే. కౌంటరు ఖాళీగా ఉంది.

"కాసేపు మెట్లకేసి చూసింది మాస్టారూ," అన్నాడు ఫోర్‌మన్. "బస్సు టైమైందని వెళ్ళిపోయింది."

మాస్టారు ఆమె కుర్చీ దాకా వెళ్ళాడు గానీ కూర్చోలేదు. ఆరిపోయిన తెర మీద సన్నటి గీతలు, అన్నీ అడ్డంగా, ఒకదాని కింద ఒకటి. దాని ముందు, బల్ల అంచుకు సమానంగా, ఒకవైపు అంకెలన్నీ అరిగిపోయిన చెక్కస్కేలు ఉంది.