లోపల వదిలిన గుడ్డ

"అన్న తాగుడు మానేశాక నీ ఒంటికి పట్టింది వదినా," అన్నాడు ఇస్త్రీ అతను మూట కట్టుకుంటూ.

"నా గౌన్లన్నీ ఎప్పట్లాగే పడుతున్నాయి. ముందు నీ కళ్ళకి ఇస్త్రీ చేయించుకో," అంది ఆమె.

అతను నవ్వుకుంటూ పోయాడు. ఆమె నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. గౌను పట్టినంతకాలం తనకేం కాలేదని ఆమె లెక్క. పట్టని రోజున చూసుకోవచ్చు. పొద్దున్నే మిషను తొక్కగలిగితే తాగుబోతును కానని ఆమె మొగుడూ ఒకప్పుడు ఇలాగే అనుకునేవాడు.

అతను దర్జీ. ఆమె కాజాలు తీసి గుండీలు కుడుతుంది. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి అతను సైకిలెక్కగానే ఆమె వెనకగదిలోకి వెళ్ళేది. బ్రెడ్డు విప్పితే చివరి ముక్కదాకా ఆగేది కాదు. ఆపైన గిన్నెలో మిగిలిన చల్లన్నం, అదీ అయితే డబ్బాలో పంచదార. ఆకలి ఉండేది కాదు, రుచీ తెలిసేది కాదు. చెయ్యి ఎవరిదో, నోరు ఎవరిదో. ఖాళీ కవర్లు గుడ్డపీలికల సంచి అడుక్కి కుక్కి, నోరు పుక్కిలించి వచ్చి సూది పట్టుకునేది. తాగే రోజుల్లో అతను సీసాలు దాచిందీ ఆ సంచిలోనే.

ఆ మధ్యాహ్నం తినడం ముగించి, జారిపడ్డ గుండీ కోసం వంగింది. చంక కింద గౌను పర్రున చిరిగింది.

విప్పి దుప్పటి చుట్టుకుని, గౌను తిరగేసి కిటికీ వెలుగులో పట్టుకుంది. చిరుగు పక్కన పాత సూదిపోట్ల వరస కనిపించింది. దాని పక్కన మరొకటి. కుట్టు విప్పి, కాస్త వదులు చేసి, మళ్ళీ కుట్టిన గుర్తులు. పెట్టెలోని గౌన్లన్నీ తిరగేసింది. అన్నిటికీ అంతే. ఇక వదలడానికి లోపల గుడ్డ లేదు. దారం చివర వేసిన ముడి అతనిది.

అతను తాగి పడుకున్న రోజుల్లో ఎవరొచ్చినా "జ్వరమండీ" అని చెప్పేదామె. ఎంత నిజంలా చెప్పేదంటే, తర్వాత వెళ్ళి అతని నుదురు తాకి చూసేది.

అతను తిరిగొచ్చేసరికి గౌన్లు ముందేసుకుని కూర్చుని ఉంది.

"చెప్పొచ్చుగా," అంది.

"చెబితే ఇంకా లోపలికి దాస్తావనుకున్నా. నేనైతే అదే చేసేవాణ్ణి."

"సంచి చూశావా?"

"ఆ సంచి నాకు తెలియందా?"

మెడలోని టేపు తీశాడు. "లే. కొలతివ్వు, కొత్తది కుడతా."

ఆమె చేతులెత్తి నిలబడింది. అతను కొలత పైకే చదివాడు, కొట్టుకొచ్చిన వాళ్ళకి చదివినట్టు. పక్కింటావిడ కొలత విన్నట్టు విందామె.

"సాయంత్రం ఆ తాగుడు మానినవాళ్ళ మీటింగుకి వెళ్తున్నావా?"

"వెళ్ళాలిగా."

"ఆడవాళ్ళొస్తారా?"

"వస్తారు. తాగుడొక్కటే కాదే. ఒకాయనకి పేకాట, ఒకావిడకి నీలాగే తిండి."

ఆమె చిరిగిన గౌను మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"అక్కడ చేతులున్న కుర్చీలా?"

"బల్లలు."

"అయితే నీ పొడుగు కోటియ్యి, ఈ చిరుగు మీద వేసుకొస్తా," అంది.