నాన్నకు ఒప్పజెప్పిన ఇటాలియన్

గీతాంజలికి ఇటాలియన్ వచ్చిందంటే ఆ పుణ్యమంతా వాళ్ల నాన్న దేవదానం గారిదే. అలాగని ఆయనకు ఆ భాషలో ఒక్క ముక్క వచ్చా అంటే, రాదు. ఒంగోల్లో ఏళ్ల తరబడి సండే స్కూలు పిల్లల చేత బైబిలు కంఠత వాక్యాలు ఒప్పజెప్పించుకున్న మనిషి. భార్యతో కలిసి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కూతురి ఫ్లాటుకు వచ్చాక పిల్లలు దొరక్క కూతుర్నే పట్టుకున్నాడు.

ఆమెకూ అవసరమే. ఆఫీసులో ఇటలీ క్లయింటు పని నిలబడాలంటే ఇటాలియన్‌లో మౌఖిక పరీక్ష పాసు కావాలి. లేకపోతే పనేమీ ఇవ్వకుండా బెంచి మీద కూర్చోబెడతారు. బెంచి మీద వాళ్లు ఉద్యోగంలో ఎన్నాళ్లుంటారో అందరికీ తెలిసిందే.

పరీక్షకు కావలసిన జవాబులన్నీ నాన్న ఆమె చేత తెలుగు అక్షరాల్లో రాయించుకుని, పేము కుర్చీలో కూర్చుని, ఒప్పజెప్పమ్మా అనేవాడు. ఒక్క మాట జారితే "ఊఁహూఁ". జారకపోతే "ఊఁ". అంతే, అర్థం అడిగిన పాపాన పోలేదు. 'మా నాన్న' అన్న జవాబుకు మాత్రం పట్టుబట్టి అర్థం చెప్పించుకున్నాడు. నాన్న బాల్కనీలో కరివేపాకు పెంచుతాడు, చేపల పులుసు బాగా వండుతాడు, గొంతెత్తి పాటలు పాడతాడు. అపస్వరం సంగతి రాయనందుకు తెగ సంతోషించాడు.

పరీక్షకు కొద్ది వారాల ముందు ఆయన నిద్రలోనే పోయాడు. గీతాంజలి ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. వచ్చినవాళ్లకు కాఫీలిచ్చింది, తిరిగొచ్చి ఆఫీసు పని చేసుకుంది, పెడితే తింది. పళ్ల డాక్టరు మత్తు సూది వేసిన దవడలా లోపలంతా మొద్దుబారిపోయింది. సాయంత్రమైతే ఖాళీ కుర్చీ ముందు కూర్చుని ఒప్పజెప్పుకునేది. ఆ నాన్న జవాబు మార్చుకోవే అని తల్లి ఒకసారి అంది. కొత్తది బట్టీ పట్టే ఓపిక లేదంది గీతాంజలి. నిజంగానే లేదు.

పరీక్ష పెట్టినావిడ నవ్వుముఖం మనిషి. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. గీతాంజలి తడుముకోకుండా కరివేపాకు దగ్గర మొదలుపెట్టి పాటల దాకా ఒప్పజెప్పేసింది. ఒక్క మాట జారలేదు. అయ్యాక, అలవాటు కొద్దీ "ఊఁ" కోసం ఆగింది. ఆవిడ ముచ్చటపడి, మీ నాన్నగారిని అడిగానని చెప్పమంది. తప్పకుండా చెబుతానంది గీతాంజలి. ఆ ఒక్క మాటే బట్టీ పట్టింది కాదు.

పాసైనట్టు అక్కడే చెప్పేశారు. కె.ఆర్.పురంలో ఇంటికి మెట్రో ఎక్కి కూర్చుంది. సంతోషమన్నది ఎక్కడా తగల్లేదు.

తల్లి వంటింట్లో ఉంది. పాసైన సంగతి చెప్పి, గుమ్మంలోనే నిలబడింది.

"పరీక్ష పెట్టినావిడ నాన్నను అడిగానని చెప్పమన్నారమ్మా. చెబుతానన్నాను."

తల్లి స్టవ్ ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మాటిచ్చావుగా. చెప్పు మరి."

గీతాంజలి పేము కుర్చీ ముందుకు వెళ్లి నిలబడింది.

"నాన్నా, ఆ మేడమ్ నిన్ను అడిగానని చెప్పమన్నారు."

చెప్పి, ఆగింది. "ఊఁ" అని వినపడలేదు. అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్లదీ కలిపి.