బోర్లించిన బుట్ట

చివరి అర దగ్గరికి వచ్చేసరికి అద్దాలమ్మ చెయ్యి ఎప్పటిలాగే నెమ్మదించింది. మ్యూజియంలో అద్దాలు తుడిచే పనికి కుదిరి ఏడేళ్లయింది. ఆ పేరు కట్టుకున్నాయన పెట్టిందే. మోచేతులదాకా నీలం తొడుగులు, ఒక పక్కకి అరిగిన చెప్పులు, నడుముకు సంచి, అందులో ఇంటాయన కుక్కిన నారింజ. "ఇవాళైనా తిను తల్లీ, మళ్లీ ఇంటికి మోసుకురాకు" అన్నాడు పొద్దున.

అరలో ఒక పాత బుట్ట బోర్లించి ఉంది. పక్కన చీటీ: 'టోపీ. ఈ నేల మూలవాసులది.' చదువుకున్నవాళ్లు రాసింది కాదనడానికి తనెవరు? కానీ నడిమధ్యన అరిగి నున్నబడింది. టోపీ నడినెత్తిన అరుగుతుందా, చోద్యం కాకపోతే! అంచు కింద మోతతాడు రాసుకున్న గాట్లు కూడా ఉన్నాయి. అది బుట్టేనని మొదటివారమే తెలిసింది. మనకెందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంది. ఎలా తెలుసని అడిగితే అమ్మ సంగతి చెప్పాలి మరి.

అమ్మ బుట్టలల్లేది. బడిలో అడిగితే సిగ్గుపడి "బట్టలు కుడుతుంది" అని చెప్పింది ఈవిడ. దేశం దాటాక కూడా ఎవరడిగినా అదే మాట. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఒక్క బుట్టైనా ఉంచుకోలేదు. ఇప్పుడు ఒక్కటి ముట్టుకుంటే చాలునని ప్రాణం కొట్టుకుంటుంది.

పదకొండింటికి మూలవాసుల ముసలావిడ వచ్చింది. చేతికర్ర, వదులు స్వెట్టరు, నలిగిన కాగితం. తన నాయనమ్మ బుట్టను ఇంటికి తీసుకెళ్లడానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అర తాళం తీసిన అధికారి దాన్ని అలా బోర్లాగానే బల్లమీద పెట్టి, కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో బుట్ట అని ఉంది. మా రికార్డులో ఇది టోపీ. ఇవ్వడం కుదరదండీ."

"మా నాయనమ్మ దీంట్లో దుంపలు మోసింది బాబూ. నా కళ్లతో చూశాను."

"రుజువుండాలి కదమ్మా."

ముసలావిడ చెయ్యి చాపింది. "ముట్టుకోకండి" అన్నాడతను. ఆ చెయ్యి వెనక్కి పోవడం అద్దాలమ్మ చూడలేకపోయింది.

"అది బుట్టేనండీ" అంది, వచ్చీరాని ఆ దేశపు మాటల్లోనే. "నేలమీద పెట్టి పెట్టి అడుగు అరిగింది. అంచు కింద తాడు గాట్లు చూడండి."

"నీకెలా తెలుసు?"

"మా అమ్మ బుట్టలల్లేదండీ. పన్నెండేళ్లొచ్చేదాకా నేనూ అల్లాను."

అధికారి భూతద్దం తెచ్చి చాలాసేపు చూశాడు. తర్వాత రికార్డులో 'టోపీ' కొట్టేసి, బుట్టను తిరగేసి నిలబెట్టాడు.

అద్దాలమ్మ నారింజ తీసి అందులో వేసింది. "ఖాళీ బుట్ట చేతికివ్వకూడదనేది మా అమ్మ."

ముసలావిడ పకపకా నవ్వింది. "మేమైతే ఖాళీగానే ఇస్తాం అమ్మాయ్. నింపుకోవడం తీసుకున్నవాళ్ల పని. సరేలే, మీ అమ్మ మాటా ఉండనీ. ఆవిడ అల్లినవి ఇంట్లో ఉన్నాయా?"

"ఒక్కటీ లేదండీ."

ముసలావిడ బుట్టను ఆమె చేతుల్లో పెట్టింది. అద్దాలమ్మ తొడుగులు విప్పేసి, అంచు చుట్టూ ఒకసారి వేళ్లతో తడిమింది. అమ్మా, అనుకుంది. కళ్లు తుడుచుకుని తిరిగి ఇచ్చేసింది.

బుట్ట తలుపు దాటి వెళ్లిపోయింది. ఇక అర తుడవాలి. చీటీ తీసేసింది, దుమ్ము దులిపింది. ఒకచోట మాత్రం చుట్టూ తుడిచి అద్దం మూసేసింది. అక్కడ, బుట్ట అంచునుంచి రాలిన వేలెడు పుల్ల ఉంది.