కాణిపాకం దాకా పోని మార్కులు

ఆ ఆదివారం ఐరాలలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. గదిలో లైవ్ కోసం సిద్ధమవుతున్న మునికుమార్, కెమెరా సర్దుతున్న అతని చిత్తూరు స్నేహితుడు నిస్సార్, వసారాలో చింతపండు గింజ తీస్తున్న అవ్వ నాగరత్నమ్మ, ఆమె పక్కన మనవరాలు లోహిత. అమ్మా నాయనా బంగారుపాళ్యానికి మామిడికాయలు తోలుకుపోయారు.

మునికుమార్ వీడియో గేములు ఆడి తన యూట్యూబ్ ఛానెల్లో మార్కులు వేస్తాడు. ఆడి అన్నది మాటవరసకు. ఈసారి వచ్చిన 'కోట కాపరి' అతను చిన్నప్పుడు మామ ఇంట్లో ఆడిన ఆటకే కొత్త రూపం. ఆటలో ఆ పాత సన్నాయి పాట వినపడగానే కళ్లు చెమర్చి పదికి పది ఇచ్చేశాడు. అప్పటికి కోట గుమ్మం కూడా దాటలేదు.

దాటించింది చెల్లెలు లోహిత. కడదాకా ఆడిందీ ఆమే. గుర్రం గోడలో ఇరుక్కోవడం, చచ్చిన సైనికుడు లేచి నడవడం అన్నీ చూసింది. నీ మార్కు ఎంత అని అన్న ఒక్కసారి అడిగితే బాగుండునని కాచుకుని ఉంది. అడగకుండా చెప్పే నోరు ఆమెకు లేదు.

నిస్సార్ రెండు మార్కులే అన్నాడు. అతను 'సముద్రపులి' ఆటకు వీరాభిమాని. ఈ ఆటను ముట్టుకోనైనా లేదు, ఇందులో గుర్రం గోడలో ఇరుక్కుంటుందని మాత్రం ఎవరో చెప్పగా విన్నాడు.

"అది మాయగుర్రం అబ్బా, గోడలో దూరతాది," అన్నాడు మునికుమార్.

"మా సముద్రపులిలో ఓడ మునిగితే మునిగినట్టే ఉంటాది. మీ గుర్రానికి దోవే తెలీదు."

గొడవకు అవ్వ విసుగెత్తింది. "ఎందుకురా గొంతులు చించుకునేది? కాణిపాకం ఈడే కదా ఉండేది. తలకు పోసుకుని పోయి స్వామి ముందర ప్రమాణం చేయండి. ఎవురిది నిజమో తేలిపోతాది."

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే కీడు తప్పదని ఆ చుట్టుపక్కల దొంగలే దోవ మళ్లుతారు.

"పదంటే... తొమ్మిది అనుకో అవ్వా," అన్నాడు మునికుమార్.

"నాకెందుకు చెప్తావు? మే లోహితా, నీళ్లు కాగబెట్టు."

నీళ్లు గోరువెచ్చనయ్యేసరికి తొమ్మిది ఎనిమిదైంది. ఆవిరి లేచేసరికి నిస్సార్ రెండు ఐదైంది. "దర్గాలోనైనా నిజమే చెప్పాల గదా అవ్వా. ఆట నేను సూడనే లేదు," అన్నాడు. నీళ్లు మసిలేసరికి ఇద్దరూ ఆరు దగ్గర కలుసుకున్నారు.

"సరిపోయింది. ఇంక కాణిపాకం ఎందుకు?" అన్నాడు మునికుమార్.

"ఆడిన పిల్లను అడిగినారా?" అంది అవ్వ.

అందరూ తనవైపు చూసేసరికి లోహిత తడిబట్టల బకెట్టు అందుకుంది. "బట్టలు ఆరేయాల," అని దొడ్లోకి పోయింది.

ఆమె తడి చీర దులుపుతుండగా లైవ్ మొదలైంది. కిటికీలోంచి అన్న గొంతు వినపడింది. "ఆటకు ఆరు. చిన్ననాటి జ్ఞాపకాలకు నాలుగు. మొత్తం పదికి పది."

చీర తీగ మీద సగమే పడింది. లోహిత వసారా దాటి, గది తలుపు తోసి నిలబడింది.

"ఆటకు నాలుగే అన్నా. ఆడింది నేను."

నిస్సార్ కెమెరా ఆమె వైపు తిప్పాడు. ఎవరీ పాప, ఇంకా చెప్పమను అంటూ తెర మీద కామెంట్లు బిలబిలమని రాసాగాయి.

"గుర్రం..." అని ఆమె మొదలుపెట్టేలోగా మునికుమార్ లేచి వచ్చి, ఆమె ముఖం మీదే తలుపు వేశాడు.